గుర్రపు వైద్యం: శాలిహోత్ర సంప్రదాయం, నేటి సంరక్షణ పద్ధతులు, తెలుగు పదసంపద

వ్యాససంగ్రహం:
గుర్రాల ఆరోగ్యసంరక్షణకు సంబంధించి భారతదేశంలో ఒక సుదీర్ఘ శాస్త్రసంప్రదాయం ఉంది. తెలుగులోనూ అశ్వలక్షణ గ్రంథం వెలసింది. అయితే తెలుగు అధ్యయనరంగం ఈ శాఖను ఎక్కువగా లక్షణ, ఛందోదృష్టితోనే చూసింది. వైద్యవిషయంగా దీనిని చదివిన సందర్భాలు తక్కువ. నేటి పశువైద్యం గుర్రం విషయంలో ఏ అంశాలకు ప్రాధాన్యం ఇస్తున్నదో వివరించి, ఆ వెలుగులో ప్రాచీన గ్రంథాలలోని పరిశీలనను, విశ్వాసాన్ని వేరుచేయడం, ఈ రంగంలోని తెలుగు పదాల ప్రయోజనాన్ని చూపడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలక పదాలు: శాలిహోత్రం, అశ్వలక్షణం, ఉదరశూల, లాడం, లద్దె, పారిభాషిక పదాలు.

1. ఉపోద్ఘాతం

తెలుగువారి నిత్యజీవితంలో గుర్రం ఇప్పుడు అరుదైన జంతువు. జట్కాబండి వీధులనుండి తప్పుకొన్నది. పెళ్ళి ఊరేగింపులు, పందేల మైదానాలు, పోలీసు అశ్వదళాలు, స్వారీ శిక్షణ కేంద్రాలు మాత్రమే దాని ఉనికిని నిలుపుతున్నాయి. 2012 పశుగణనలో దేశంలోని గుర్రాలు, తట్టువలు కలిపి సుమారు 6.2 లక్షలు. 2019 నాటికి ఆ సంఖ్య సుమారు 3.4 లక్షలకు పడిపోయింది.

జంతువు తగ్గినప్పుడు దానితోపాటు దానిని సాకే నేర్పు కూడా తగ్గుతుంది. గుర్రానికి ప్రాణాంతకమైన జబ్బులలో కొన్ని గంటలలోనే ముదురుతాయి. ఆ గంటలలో దాని దగ్గర ఉండేది వైద్యుడు కాదు, సాకే మనిషి. అతడు ఏమి గమనించాడు, దానిని ఏ మాటలలో చెప్పగలిగాడు అనే అంశాలపై ఆ జంతువు ప్రాణం ఆధారపడుతుంది. పశువైద్య విద్య ఆంగ్లంలో సాగుతున్నది. సాకేవారి అనుభవం తెలుగులోనో ఉర్దూలోనో ఉన్నది. ఈ రెంటి నడుమ వంతెన కాగల ప్రాచీన గ్రంథాలు, నిఘంటువులు తెలుగు శాఖల అధీనంలో ఉన్నాయి. కాబట్టి ఇది పశువైద్యులకే వదిలివేయదగిన విషయం కాదు.

2. శాలిహోత్ర సంప్రదాయం – తెలుగు నేల

అశ్వశాస్త్రానికి ఆద్యుడుగా శాలిహోత్రుని పేరు చెప్పడం సంప్రదాయం. ఉత్తరాదిలో గుర్రపు వైద్యునికి వాడుకలో ఉన్న ‘సాలోత్రి’ అనే మాట ఈ పేరునుండే పుట్టింది. సంస్కృతంలో జయదత్తుని ‘అశ్వవైద్యకం’, నకులుని పేర వ్యాప్తిలో ఉన్న ‘అశ్వచికిత్సితం’ ఈ శాఖలో ప్రసిద్ధాలు. నకులుని పేరే ఉన్న ‘అశ్వశాస్త్రం’ అనే సచిత్ర గ్రంథాన్ని తంజావూరు సరస్వతీమహల్ గ్రంథాలయం 1952లో ప్రచురించింది. విరాటుని కొలువులో నకులుడు దామగ్రంథి అనే పేరుతో అశ్వసంరక్షకుడుగా చేరిన కథ తెలుగు పాఠకులకు సుపరిచితమే. కౌటిల్యుని అర్థశాస్త్రం అశ్వాధ్యక్షుని విధులను ప్రత్యేక ప్రకరణంలో వివరించింది. తెలుగులో మనుమంచి భట్టు రచించిన ‘హయలక్షణ విలాసము’ ఈ శాఖకు చెందిన పద్యకృతి.

తెలుగు నేలతో గుర్రానికి ఉన్న సంబంధాన్ని పదాలే చెబుతాయి. అశ్వదళానికి, అశ్వశాలకు అధికారియైనవానిని ‘సాహిణి’ అనేవారు. భాస్కర రామాయణాన్ని అంకితం పొందిన సాహిణి మారన పేరులో ఆ పదవి నిలిచి ఉంది. రౌతు, లాయం, కళ్ళెం, జీను, లాడం వంటి మాటలు సైనికజీవితం నుండి వాడుకలోకి వచ్చి స్థిరపడినవే. విజయనగర రాజు ఏటా 13,000 గుర్రాలు కొనేవాడని 16వ శతాబ్దపు పోర్చుగీసు వర్తకుడు నూనిజ్ వ్రాశాడు. గుర్రాలు దిగుమతి అయ్యే రేవులను వృద్ధిచేయడం రాజు కర్తవ్యమని ‘ఆముక్తమాల్యద’ రాజనీతి భాగం బోధిస్తుంది.

ఇన్ని గుర్రాలు ఏటేటా ఎందుకు కొనవలసి వచ్చింది? యుద్ధనష్టం ఒక కారణం. దక్షిణదేశపు తేమ, మేత గుర్రాల పెంపకానికి అంతగా అనుకూలించకపోవడం మరొక కారణం. 13వ శతాబ్దం చివర పాండ్యదేశాన్ని చూసిన మార్కోపోలో మూడవ కారణాన్ని కూడా పేర్కొన్నాడు. అక్కడ గుర్రాలను సాకడం తెలిసినవారు లేరని, అందువల్ల కొన్నవాటిలో అధికభాగం చచ్చిపోయేవని, తమ వ్యాపారం తగ్గుతుందనే భయంతో వర్తకులు గుర్రపు వైద్యులను అటు రానిచ్చేవారు కాదని ఆయన కథనం. విదేశీయుని మాటలో అతిశయోక్తి ఉండవచ్చు. అయినా సంరక్షణజ్ఞానం కొరవడితే ఎంత ధనం వెచ్చించినా ఫలితం ఉండదనే విషయాన్ని ఆ కథనం స్పష్టం చేస్తుంది. స్వదేశంలో అశ్వశాస్త్ర రచనకు రాజాదరణ ఎందుకు లభించిందో ఈ నేపథ్యంలో అర్థమవుతుంది.

3. నేటి వైద్యం దృష్టిలో గుర్రం

ఆధునిక పశువైద్య విద్యకు మూలమైన మొదటి కళాశాలను 1761లో ఫ్రాన్స్‌లోని లియాన్ నగరంలో స్థాపించిన క్లాడ్ బూర్జెలా వృత్తిరీత్యా స్వారీ గురువు. గుర్రం అవసరమే ఆ విద్యకు బీజం వేసింది. నేడు గుర్రపు సంరక్షణలో ప్రధానంగా నాలుగు అంశాలు కనిపిస్తాయి.

3.1 ఉదరశూల: గుర్రం దాదాపు ఎన్నడూ వాంతి చేసుకోలేదు. అన్నవాహిక జీర్ణాశయంలో కలిసేచోట ఉన్న కండరం గట్టిగా మూసుకొని ఉండడం, అది కలిసే కోణం ఇందుకు కారణాలు. దేహపరిమాణంతో పోలిస్తే దాని జీర్ణాశయం చిన్నది. పీచుమేత అరిగేది జీర్ణాశయంలో కాదు, అంధనాళంలోను పెద్దపేగులోను. పొడవైన ఆ పేగు కొన్నిచోట్ల ఒక్కసారిగా సన్నబడుతుంది, మడత పడుతుంది, స్థానం తప్పి మెలిపడుతుంది. అందువల్ల మేత మార్పు, నీరు చాలకపోవడం, ఒక్కసారిగా ఎక్కువ దాణా పెట్టడం వంటివి శూలకు దారితీస్తాయి.

గుర్రం ముంగాలితో నేలను గీరడం, మాటిమాటికి డొక్కవైపు చూడడం, పొట్టను కాలితో తన్నడం, పడుకొని పొర్లడం, చెమట పట్టడం, లద్దె వేయకపోవడం దీని లక్షణాలు. విశ్రాంతిలో ఉన్న పెద్ద గుర్రపు గుండె నిమిషానికి సుమారు 28 నుండి 44 సార్లు కొట్టుకుంటుంది. శూలలో ఆ వేగం 60 దాటితే ప్రమాదసూచనగా వైద్యులు భావిస్తారు. ఈ దశలో సాకేవారు నోటిద్వారా నూనెనో కషాయాన్నో పోయడం తరచు జరిగే పొరపాటు. ఆ ద్రవం ఊపిరితిత్తులలోకి పోతే మరొక ప్రాణాపాయం తోడవుతుంది. వైద్యుడు ముక్కుద్వారా గొట్టాన్ని జీర్ణాశయం వరకు పంపి, లోపలి ఒత్తిడిని తగ్గించిన తరువాతనే మందు పోస్తాడు. పేగు మెలిపడితే శస్త్రచికిత్స తప్ప దారి లేదు. తెలిసిన నొప్పిమందును ముందే పొడిచి ఆలస్యం చేస్తే లక్షణాలు మరుగుపడి, చికిత్సకు అనువైన వేళ దాటిపోతుంది.

3.2 గిట్ట: గిట్టలోపలి ఎముక సున్నితమైన పొరల అల్లికతో గిట్టగోడకు వేలాడుతూ ఉంటుంది. ఆ పొరలు వాచినప్పుడు పట్టు సడలి ఎముక కిందికి జారుతుంది. పిండిపదార్థం అధికంగా ఉన్న దాణా హద్దుమీరి తినడం దీనికి ఒక ముఖ్యకారణం. కడుపులో మొదలైన దోషం కాలిలో బయటపడడం ఇక్కడి విశేషం. గిట్టను 6 నుండి 8 వారాలకు ఒకసారి చెక్కి సరిచేయాలి. లాడం కొట్టే పనివాని నేర్పు కాబట్టి వైద్యంలో భాగమే.

3.3 దంతాలు: గుర్రపు దవడపళ్ళు అరుగుతున్నకొద్దీ ఏటా 2 నుండి 3 మిల్లీమీటర్ల చొప్పున పైకి వస్తుంటాయి. అరుగుదల సమానంగా లేకపోతే అంచులు కత్తిలా తేలి బుగ్గను, నాలుకను కోస్తాయి. మేత నమలలేక గుర్రం చిక్కిపోతుంది. ఏడాదికి ఒకసారి నోటిని పరీక్షించి, ప్రత్యేకమైన ఆకురాయితో అంచులను రాయడం నేటి నిత్యసంరక్షణలో భాగం.

3.4 అంటువ్యాధులు: జోరీగలు వ్యాపింపజేసే సర్రా వ్యాధికి కారణమైన సూక్ష్మజీవిని 1880లో గ్రిఫిత్ ఎవాన్స్ అవిభక్త భారతదేశంలోనే గుర్తించాడు. ధనుర్వాతానికి గుర్రం తేలికగా లోనవుతుంది. దానికి టీకా ఉంది. గ్లాండర్స్ అనే వ్యాధికి మాత్రం టీకా లేదు. అది మనుషులకూ సోకుతుంది. వ్యాధి నిర్ధారణ అయిన గుర్రాన్ని నొప్పి లేకుండా చంపి, యజమానికి పరిహారం చెల్లించడం ప్రభుత్వ విధానం. హిస్సార్‌లోని జాతీయ అశ్వ పరిశోధన కేంద్రం ఈ వ్యాధి నిర్ధారణకు ప్రధాన ఆధారం. ఒక్క గుర్రంపై బతికే కుటుంబానికి ఈ నియమం కఠినంగా తోస్తుంది. దాని వెనుక ఉన్న కారణాన్ని వారి భాషలో చెప్పకపోతే వారు జబ్బును దాచే అవకాశమే ఎక్కువ. మన దేశంలో పాముకాటు విరుగుడుమందు గుర్రపు రక్తంనుండే తయారవుతున్నది కాబట్టి, గుర్రాల ఆరోగ్యం మనుషుల ఆరోగ్యంతో ముడిపడి ఉన్నది.

4. లక్షణం – చికిత్స: వేరుచేసి చదవవలసిన అవసరం

ప్రాచీన అశ్వగ్రంథాలలో రెండు పొరలు ఉంటాయి. మొదటిది శుభాశుభ లక్షణాలు. సుళ్ళు ఎక్కడ ఉంటే యజమానికి మేలు, ఎక్కడ ఉంటే కీడు అనే చర్చ ఈ పొరకు చెందింది. వైద్యదృష్టిలో దీనికి విలువ లేదు. రెండవది దేహపరిశీలన. పళ్ళను బట్టి వయసు కట్టడం, ఋతువును బట్టి మేత మార్చడం, లద్దెను, మూత్రాన్ని, నడకను చూచి వ్యాధిని ఊహించడం ఇందులోకి వస్తాయి. పళ్ళను బట్టి వయసును అంచనా వేయడం నేటికీ వైద్యులు అనుసరించే పద్ధతే.

ఈ రెండు పొరలు కొన్నిచోట్ల అనూహ్యంగా కలుస్తాయి. సుడి శకునంగా నిరర్థకం. అయితే ఏ రెండు గుర్రాల సుళ్ళూ అచ్చంగా ఒకే తీరున ఉండవు. అందువల్లనే నేటి గుర్రాల గుర్తింపుపత్రాలలో ముఖంమీది, మెడమీది సుళ్ళ స్థానాలను పటంగా గీసి నమోదు చేస్తారు. ప్రాచీనులు శ్రద్ధగా గమనించారు, ఆ గమనికకు వారు కట్టిన ఫలితం మాత్రం నిలవలేదు. కాబట్టి గ్రంథాన్ని పూర్తిగా తిరస్కరించడమూ, సర్వం శాస్త్రీయమని వాదించడమూ రెండూ సరికావు. వాత పిత్త కఫ సిద్ధాంతంపై చెప్పిన మందులను పరీక్ష లేకుండా ప్రయోగించడం జంతువుకు ద్రోహమే అవుతుంది.

5. పదసంపద – ప్రయోజనం

ఉలవలకు ఆంగ్లంలో ఉన్న పేరే గుర్రపు దాణాను సూచిస్తుంది. ‘గుర్రం గుడ్డిదైనా దాణా తప్పదు’ అనే సామెత పనికిరాని దశలోనూ పోషణభారం తగ్గదని చెబుతుంది. మేపేవారికి తెలిసిన గుగ్గిళ్ళు, చిట్టు, పచ్చిగడ్డి అనే మాటలతోనే మేత పాళ్ళను చెప్పవచ్చు. ‘నులి’ అంటే మెలిపెట్టే నొప్పి, ‘మెలి’ అంటే పేగు తిరగడం, ‘లద్దె’ అంటే గుర్రపు పేడ. వైద్యుడు తెలుసుకోవలసిన తేడాలను పలికే మాటలు వాడుకలోనే ఉన్నాయి. ‘లద్దె ఎప్పుడు వేసింది? పొర్లుతున్నదా, ఊరక పడుకున్నదా?’ అనే రెండు ప్రశ్నలు దీర్ఘమైన పారిభాషిక వాక్యంకంటే త్వరగా విషయాన్ని రాబడతాయి. కొత్త పదాలు కల్పించడానికి ముందు ఉన్నవాటిని సేకరించడం అవసరం. గ్లాండర్స్ వంటి వ్యాధినామాలను మాత్రం యథాతథంగా స్వీకరించడమే మేలు, ఎందుకంటే ప్రభుత్వ పత్రాలలో కనిపించేది ఆ పేరే.

6. ముగింపు

పై చర్చ ఆధారంగా ఈ కింది అంశాలను ప్రతిపాదించవచ్చు.

1. అశ్వశాస్త్ర గ్రంథాలను పరిష్కరించేటప్పుడు శకునభాగాన్ని, దేహపరిశీలన భాగాన్ని వేరుగా గుర్తించి, రెండవదానికి పశువైద్యుని సహాయంతో వివరణ వ్రాయాలి.

2. గుర్రాలను సాకేవారు, లాడాలు కొట్టేవారు వాడే మాటలను క్షేత్రపర్యటన ద్వారా సేకరించి వృత్తిపదకోశంగా కూర్చాలి. ఆ వృత్తులవారు వృద్ధులవుతున్నందున ఇది వాయిదా వేయదగిన పని కాదు.

3. ఉదరశూల, గిట్టవాపు, గ్లాండర్స్ లక్షణాలను సాకేవారి మాటలలో తెలిపే చిన్న పుస్తకాలను తెలుగు, పశువైద్య శాఖలు కలిసి తయారుచేయాలి.

లాయంలో రాత్రివేళ గుర్రం నేలను గీరుతున్నదని ఒక సాకేవాడు గమనించి, దానిని తన మాటలలో వైద్యునికి చెప్పగలిగితే ఆ గుర్రం బతికే అవకాశం పెరుగుతుంది. ఆ మాటలను నిలిపి ఉంచడం తెలుగు పరిశోధకులు చేయగలిగిన పని.