భుజం దిగని సంచి

వేట అనే మాట నేడు మన దేశంలో గతకాలపు మాట. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం రావడంతో, తుపాకీ భుజాన వేసుకుని అడవికి పోయే వినోదానికి తెరపడింది. అందుకు మనమందరం సంతోషించవలసినదే. అయితే వేటగాళ్ళు తరతరాలుగా అలవరచుకున్న విద్యలో ఒక చిన్న భాగం మాత్రం మన వంటి వారికి నేటికీ అక్కరకు వస్తున్నది. కొండలలో విద్యుత్ లైన్ల సర్వేకు, టవర్ల తనిఖీకి, ఆనకట్టల స్థల పరిశీలనకు కాలినడకన వెళ్ళే ఉద్యోగులందరికీ అది అవసరం. ఆ విద్య మరేమిటో కాదు, వీపున వేసుకునే చిన్న సంచిని ఎంచుకోవడం, దానిని సర్దుకోవడం.

ఇంత చిన్న విషయానికి ఒక వ్యాసం కావాలా అని పాఠకులు అనుకోవచ్చు. ఒకప్పుడు మేమూ అలాగే అనుకున్నాము. మా అభిప్రాయం మార్చిన సంఘటనను ముందుగా మనవి చేస్తాము.

ఒక రాత్రి అనుభవం

1998 అక్టోబరు మాసం. నాటికి ఉత్తరప్రదేశ్‌లో భాగంగా ఉన్న గఢ్వాల్ కొండలలో ఒక విద్యుత్ లైను మార్గాన్ని పరిశీలించే పని మా జట్టుకు అప్పగించారు. 1926లో జిమ్ కార్బెట్ నరభక్షక చిరుతను సంహరించిన రుద్రప్రయాగ ప్రాంతం అక్కడికి ఎంతో దూరం కాదు. జట్టులో మేము అయిదుగురం. మా నాయకులు, తెలుగువారే అయిన ఒక సీనియర్ ఇంజనీరు గారు. ఇద్దరు చైన్‌మన్లు, దారి చూపడానికి ఆ ఊరి పెద్దాయన ఒకరు. ఆయనను అందరం చాచాజీ అని పిలిచేవాళ్ళం. ఉద్యోగంలో అయిదో సంవత్సరం గడుపుతున్న మాకు సామాను సర్దే బాధ్యత అప్పగించారు.

ఆ బాధ్యతను మేము అత్యుత్సాహంతో నిర్వర్తించాము. జట్టు మొత్తానికీ ఒకే పెద్ద సంచి. అందులో స్వెట్టర్లు, రెండు టార్చిలైట్లు, పూరీలు, కూర, స్టవ్, గిన్నెలు, మందుల పెట్టె, పటాల గొట్టం. ఏదీ మరచిపోలేదన్న తృప్తితో తూకం వేస్తే 14 కిలోలు వచ్చింది. వంతులవారీగా మోద్దామని నిశ్చయించుకున్నాము.

రోడ్డు నుండి శిఖరానికి సుమారు 800 మీటర్ల ఎత్తు. మధ్యాహ్నం భోజనం అయ్యేసరికి అందరి భుజాలూ నొప్పులు పుట్టాయి. పైన మిగిలినది ఒక్క యాంగిల్ పాయింటు మాత్రమే. "సంచి ఇక్కడే ఉంచుదాం సార్, గంటలో తిరిగి వస్తాం కదా" అని సలహా ఇచ్చినది మేమే. ఒక చెట్టు మొదట్లో సంచిని దించి, తేలికపడిన వీపులతో హాయిగా పైకి ఎక్కాము.

పని పూర్తి అయ్యేసరికి లోయలో నుండి మంచు తెర లేచింది. దిగేటప్పుడు దారి కొద్దిగా తప్పాము. ఆ కొండల మీద చీడ్ అనబడే పైన్ వృక్షాలు విస్తారం. వాటి ఎండుటాకులు సూదులవలె రాలి, నేలంతా తివాచీలా పరచుకుని, నూనె పూసినట్లు జారుతాయి. సీనియర్ ఇంజనీరు గారు ఆ ఆకుల మీద కాలు జారి పడ్డారు. చీలమండ వాచిపోయింది. అడుగు వేయలేకపోయారు. అప్పటికి సూర్యాస్తమయం అయింది.

ఆయన మమ్మల్ని అడిగిన ప్రశ్నలు ఈనాటికీ చెవులలో వినిపిస్తూనే ఉన్నాయి.

"టార్చి ఎక్కడుందయ్యా?"

"సంచిలో ఉంది సార్."

"సంచి ఎక్కడుంది?"

ఆ రెండో ప్రశ్నకు మా వద్ద సమాధానం లేదు.

ఒక చైన్‌మన్‌ను వెంటబెట్టుకుని ఆ చీకటిలో, మంచులో సుమారు రెండు గంటలు వెతికి, వట్టి చేతులతో తిరిగి వచ్చాము. వచ్చేసరికి చాచాజీ తన పని తాను చేసుకుపోతున్నారు. ఉదయం నుండి ఆయన భుజాన ఒక గుడ్డ సంచి వేలాడుతూనే ఉన్నది. దానిని ఆయన భోజనాల దగ్గర కూడా దించలేదు. అందులో నుండి కొడవలి తీసి, ఒక బండ చుట్టూ ఎండుటాకులన్నిటినీ శుభ్రంగా తొలగించి, బండ మీద చిన్న మంట వేశారు. అగ్గిపెట్టె మైనపు గుడ్డలో చుట్టి ఉన్నది. తన ఉన్ని కంబళి తీసి గాయపడిన వారికి కప్పారు. వేయించిన శనగలు, బెల్లం ముక్కలు అందరికీ పంచారు. మా 14 కిలోలు చేయలేని పనిని ఆయన మోసిన రెండు కిలోలు చేశాయి.

తెల్లవారిన తరువాత మా సంచి దొరికింది. మేము రాత్రి వెతికిన చోటికి నలభై అడుగుల దూరంలోనే ఉన్నది. రెండు కొమ్మలకు కంబళి కట్టి, ఆ డోలీలో మా నాయకుణ్ణి రోడ్డుకు దించాము. ఎముక చిట్లిందని వైద్యులు చెప్పారు. ఆరు వారాలకు ఆయన కోలుకున్నారు. మమ్మల్ని ఒక్క మాట కూడా అనలేదు. అందువల్లనే ఆ సంఘటన మాకు మరింత గుర్తుండిపోయింది.

వేటగాని సూత్రం

దిగి వచ్చాక టీ కొట్టు దగ్గర, సంచి ఎందుకు దించరని చాచాజీని అడిగాము. ఆయన తండ్రి పూర్వం షికారీల వెంట వెళ్ళేవాడట. "సాబ్, వేటకు పోయేవాడు ఎంత దూరం పోవాలో తాను నిర్ణయించడు, జంతువు నిర్ణయిస్తుంది. దిగిన చోటికి మళ్ళీ వస్తాడన్న నమ్మకం లేదు. అందుకే భుజం మీద ఉన్నదే నీది, దించినది అడవిది అని మా నాన్న చెప్పేవాడు" అన్నారు.

ఇంజనీరింగు పరిభాషలో చెప్పాలంటే, సంచి విలువను అందులోని వస్తువుల సంఖ్యతో కాక, అవసరమైన క్షణంలో అది వీపు మీద ఉండే అవకాశంతో లెక్కించాలి. బరువు పెరిగిన కొద్దీ ఆ అవకాశం తగ్గుతుంది. ఈ వ్యాసంలో మేము చెప్పదలచినది ఈ ఒక్కటే. మిగిలినవన్నీ దీనికి వివరణలు.

సంచి ఎంపిక

ఒక రోజు పనికి 20 నుండి 25 లీటర్ల సంచి చాలును. అంతకంటె పెద్దది కొంటే, ఖాళీ ఉన్నది కదా అని ఏదో ఒకటి నింపుతాము. ఇది మానవ స్వభావం. ఖాళీ సంచి బరువు 700 గ్రాములు మించకుండా చూసుకోవాలి. భుజం పట్టీలు వెడల్పుగా, మెత్తగా ఉండాలి. నడుము పట్టీ ఉంటే బరువులో కొంత భాగం భుజాల నుండి తుంటి ఎముకల మీదికి దిగుతుంది. ఛాతీ మీద అడ్డంగా ఒక సన్నని పట్టీ ఉంటే, వంగి ఎక్కేటప్పుడు సంచి పక్కలకు ఊగదు.

కొనే ముందు దుకాణంలోనే నాలుగైదు కిలోల బరువు వేయించి, పది నిమిషాలు అటూ ఇటూ నడవాలి. ఖాళీ సంచి ఎవరి వీపుకైనా సుఖంగానే ఉంటుంది. కుట్లు, పట్టీలు కలిసే చోట్లు, జిప్పులు, ఈ మూడింటిని ప్రత్యేకంగా పరీక్షించాలి. సంచి తెగేది గుడ్డ మధ్యలో కాదు, అతుకుల దగ్గర. ఇది మన టవర్ల జాయింట్ల వంటిదే.

రంగు విషయంలో మాత్రం పాత షికారీలను అనుసరించనవసరం లేదు. వారు ఖాకీ, ఆకుపచ్చ వాడేవారు. అమెరికాలో వేట అనుమతి ఉన్న అనేక రాష్ట్రాలలో నేడు వేటగాళ్ళు ముదురు నారింజ రంగు ధరించాలన్న నిబంధన ఉన్నది. లేళ్ళు ఆ రంగును సరిగా గుర్తించలేవు, సాటి మనుషులు మాత్రం దూరం నుండే గుర్తిస్తారు. మనకు కావలసినది కనబడటమే కనుక నారింజ రంగే మేలు. మా నాటి సంచి ముదురాకుపచ్చ రంగుది. నలభై అడుగుల దూరంలో ఎందుకు కనబడలేదో వేరే చెప్పనవసరం లేదు.

ఏమేమి ఉండాలి?

మేము నేడు వాడే లెక్క ఇది. సంచి 700 గ్రాములు. సీసాలతో సహా లీటరున్నర నీరు 1,600. వండనవసరం లేని ఆహారం 500. ఉన్ని స్వెట్టరు, టోపీ కలిపి 450. వాన కోటు 350. తలకు తగిలించుకునే ఎల్‌ఈడీ టార్చి, అదనపు బ్యాటరీలు 150. ప్రథమ చికిత్స వస్తువులు 200. కత్తి, అగ్గిపెట్టె, ఈల, అయిదు మీటర్ల సన్నని తాడు కలిపి 200. అల్యూమినియం పూత పూసిన పలుచని పొర దుప్పటి 60. పటం, దిక్సూచి, నోటు పుస్తకం 190. మొత్తం 4 కిలోల 400 గ్రాములు. ఒక రోజు నడకకు శరీర బరువులో పదో వంతు మించరాదన్నది అనుభవజ్ఞుల మాట. 65 కిలోల మనిషికి ఇది ఆ హద్దులోనే ఉంటుంది, సర్వే పరికరాలకు కొంత చోటు మిగులుతుంది.

ఆహారంలో మన తెలుగువారికి ఎవరూ నేర్పనవసరం లేదు. వేరుశనగ ఉండలు, వేయించిన శనగలు, బెల్లం, కాసిన్ని అటుకులు చాలును. పెద్దల మాట చద్దన్నం మూట అన్నారు కానీ, పులుసు గిన్నె మూట అనలేదు. స్వెట్టరు ఉన్నిదే కావాలి. నూలు బట్ట తడిస్తే వెచ్చదనం పూర్తిగా పోతుంది. ఎత్తు వెయ్యి మీటర్లు పెరిగితే ఉష్ణోగ్రత సగటున ఆరున్నర డిగ్రీలు తగ్గుతుందని గుర్తుంచుకోవాలి.

మందులలో కట్టుగుడ్డలు, ఓఆర్ఎస్ పొట్లాలు ముఖ్యం. పాము కాటుకు బ్లేడు పెట్టుకోవద్దని ప్రత్యేకంగా మనవి. కోయడం, నోటితో పీల్చడం, తాడుతో బిగించి కట్టడం హాని చేస్తాయి. కాటు తిన్నవారిని కదలకుండా ఉంచి, మోసుకుని ఆసుపత్రికి చేర్చడమే సరియైన మార్గం.

మొబైల్ ఫోను ఉన్నది కదా అని యువ ఇంజనీర్లు అంటారు. సిగ్నలు లేకపోయినా ఉపగ్రహాల సహాయంతో మనమున్న చోటును అది చూపుతుంది, నిజమే. కాని చలిలో బ్యాటరీ త్వరగా దిగజారుతుంది. అందుచేత దానిని చొక్కా లోపలి జేబులో ఉంచుకోవాలి. ఈలకు బ్యాటరీ అక్కరలేదు. నిమిషంలో ఆరు సార్లు ఊది, ఒక నిమిషం ఆగి, మళ్ళీ ఊదడం పర్వతారోహకులు గుర్తించే ఆపద సంకేతం.

సర్దే పద్ధతి

ముందుగా సంచి లోపల దళసరి పాలిథీన్ సంచి ఒకటి పరచాలి. పైన కప్పే తొడుగు గాలికి ఎగిరిపోవచ్చు, లోపలి పొర మోసం చేయదు. అడుగున స్వెట్టరు వంటి మెత్తనివి. నీరు, పరికరాల వంటి బరువైనవి వెన్నెముకకు ఆనుకుని, భుజపుటెముకల నడుమకు రావాలి. బరువు వెనుకకు జరిగితే మనిషి దానిని సమం చేయడానికి ముందుకు వంగుతాడు. అది మొమెంట్ల సూత్రమే. వాన కోటు, టార్చి అన్నిటికంటె పైన. టార్చి చీకట్లో తడిమినా చేతికి దొరకాలి. ఈల సంచిలో కాదు, భుజం పట్టీకి కట్టి ఉండాలి.

సర్దిన తరువాత సంచిని వీపున వేసుకుని నాలుగు సార్లు ఎగరాలి. గలగల చప్పుడు రాకూడదు. వేటగానికి చప్పుడు జంతువును బెదరగొడుతుంది. మనకు అది వదులుగా ఉన్న బరువును పట్టి ఇస్తుంది.

ఎంత సమయం పడుతుందో కూడా సర్దుడులో భాగమే. స్కాట్లండుకు చెందిన నైస్మిత్ 1892లో చెప్పిన సూత్రం ప్రకారం, అయిదు కిలోమీటర్లకు ఒక గంట, ఆపైన ప్రతి 600 మీటర్ల ఎత్తుకు మరొక గంట. మా నాటి నాలుగు కిలోమీటర్ల దూరానికి, 800 మీటర్ల ఎత్తుకు ఇది రెండు గంటల పైచిలుకు. సర్వే పని, అలసట కలిపితే రెట్టింపు. కాగితం మీద ఈ చిన్న లెక్క వేసి ఉంటే, సంచి దించవలసిన అవసరమే రాదని తెలిసేది.

చివరి మాట

కొత్తగా చేరిన ఇంజనీర్లు మా వద్దకు క్షేత్ర శిక్షణకు వచ్చినపుడు, మొదటి రోజు ఉదయమే వారి సంచులను తూకం వేయిస్తాము. కొందరు నవ్వుకుంటారు. మేము ఏమీ అనుకోము. తిరిగి వచ్చాక, వాడని వస్తువులన్నిటినీ ఒక పక్క పెట్టమంటాము. వాటిలో టార్చి, ఈల, మందులు, పొర దుప్పటి మాత్రం మళ్ళీ సంచిలోకి వెళ్ళాలి. అవి వాడకుండానే తిరిగి రావడం మన అదృష్టం. మిగిలినవి మరుసటి ప్రయాణానికి ఇంటి వద్దనే ఉండవచ్చు.

సోదర ఉద్యోగులు రేపు కొండ ఎక్కబోయే ముందు సంచిని ఒకసారి చేతితో ఎత్తి చూడవలసినదిగా ప్రార్థన. "దీనిని సాయంత్రం దాకా దించకుండా మోయగలనా?" అని తమను తాము ప్రశ్నించుకోవాలి. మోయలేనని అనిపిస్తే, ఏదో ఒకటి తీసివేయవలసిన చోటు ఇల్లే కాని, చెట్టు మొదలు కాదు.