వెలుతురూ మనమే పోయాలి

చికాగో ప్రాంతంలో మే సగం గడిచేదాకా మంచు భయం పోదు. అక్టోబరులో మళ్ళీ మొదలు. ఆ అయిదు నెలల్లోనే వంగ, మిరప పెరిగి, పూసి, కాయాలి. మేలో నేలలో విత్తనం వేస్తే నాలుగు కాయలు చూసేలోపే చలి వచ్చేస్తుంది. అందుకే మార్చి మధ్యలో ఇంట్లోనే నారు పోసుకోవాలి.

కొట్లో ట్రేలు, హీట్ మ్యాట్లు, గ్రో లైట్లు అన్నీ కొంటే పెరటి వంకాయ బంగారం ధర పలుకుతుంది. విత్తనానికి కావలసినవి రెండే: ముందు వెచ్చదనం, తర్వాత వెలుతురు.

పెరుగు డబ్బాల అడుగున మేకుతో నాలుగు చిల్లులు పెడితే కుండీలు తయారు. డబ్బు పెట్టాల్సింది మట్టి దగ్గర. పెరటి మట్టి గట్టిపడుతుంది, నారుకుళ్ళు తెస్తుంది. విత్తనాల కోసం అమ్మే తేలికపాటి మిశ్రమం ఒక్క సంచీ చాలు.

వంగ, మిరప మొలవడానికి 25 నుంచి 30 డిగ్రీల సెల్సియస్ వేడి కావాలి. తడి ఆరకుండా మూతపెట్టి, ఇంట్లో వెచ్చగా ఉండే మూల చూసి పెట్టండి. వారం నుంచి రెండు వారాలు పడుతుంది. మొలక కనబడిన రోజే మూత తీసేయాలి.

నారు పోసినవాడు నీరు పోయడా అంటారు. ఇక్కడ వెలుతురూ మనమే పోయాలి. మార్చి ఎండ కిటికీలోంచి చాలదు. మొక్క దారంలా సాగి వాలిపోతుంది. గ్యారేజీల్లో వాడే మామూలు ఎల్ఈడీ ట్యూబులైటును మొక్కలకు రెండు మూడు అంగుళాల పైన వేలాడదీసి, రోజుకు 14 నుంచి 16 గంటలు వెలిగించండి. నీళ్ళు పై నుంచి కాకుండా, కింద పళ్ళెంలో పోయండి.

ఇక విత్తనాలు. ఇండియా నుంచి పత్రాలు లేకుండా తేవడానికి అమెరికా నిబంధనలు ఒప్పుకోవు. వంటింట్లో ఎండుమిరప ఉందిగా! పది గింజలు తడి పేపర్ టవల్‌లో చుట్టి చూడండి. సగానికి పైగా మొలిస్తే నారు పోయవచ్చు.

మేలో నాటే ముందు వారం పది రోజులు మొక్కల్ని కాసేపు బయటపెట్టి, ఎండకీ గాలికీ అలవాటు చేయండి. పంట మొదలయ్యాక, హైబ్రిడ్ కాని వంగ మొక్కకు ఒక మంచి కాయ కోయకుండా వదిలేయండి. అది పసుపుపచ్చగా పండితే వచ్చే మార్చికి విత్తనాల ఖర్చు కూడా ఉండదు.