బయోడేటా రాద్దాం

రాజోలు దగ్గర ఒక ఊరు. చుట్టూ కొబ్బరి తోటలు. ఆ ఊళ్లో ఒక అమ్మాయి ఉంది. వయసు 17 ఏళ్లు. ఇంటర్ పరీక్షలు రాసి పాసయింది. అమలాపురంలో ఒక బట్టల కొట్టులో మనుషులు కావాలని తెలిసి వెళ్లి అడిగింది. "బయోడేటా తీసుకురా అమ్మా" అన్నారు కొట్టువాళ్లు.

బయోడేటా అంటే ఏమిటి?

మన గురించి మనం రాసిచ్చే కాగితమే బయోడేటా. దీన్నే రెజ్యూమే అని కూడా అంటారు. పని ఇచ్చేవాళ్లకు మనమెవరో తెలియదు. మనకంటే ముందు ఆ కాగితం మాట్లాడుతుంది.

ఇది ఇప్పటి సంగతి కాదు. మోనాలిసా బొమ్మ వేసిన లియోనార్డో డా విన్సీ పేరు చాలామంది విని ఉంటారు. ఆయనది ఇటలీ దేశం. సుమారు 1482లో ఆయన మిలన్ నగరం పాలకుడికి పని కోసం ఒక ఉత్తరం తయారు చేసుకున్నాడు. తేలికపాటి వంతెనలు కట్టగలను, యుద్ధానికి పనికొచ్చే యంత్రాలు చేయగలను అని వరుసగా రాశాడు. బొమ్మలు వేయగలనని చివర్లో రాశాడు. ఎందుకు? ఆ పాలకుడికి ముందు కావలసింది యుద్ధ సామగ్రి. ఎదుటివాళ్లకు పనికొచ్చేది ముందు రాయాలి. అదీ కిటుకు.

నాకేం వచ్చు?

అమ్మాయి కాగితం, కలం తీసుకుని కూర్చుంది. పేరు రాసింది. చదువు రాసింది. అక్కడ ఆగిపోయింది. "నేనెప్పుడూ ఉద్యోగం చెయ్యలేదు కదమ్మా! ఏం వచ్చని రాయను?" అంది.

తల్లి ఈ మధ్యనే చదవడం నేర్చుకుంది. ఆవిడ ఇలా అడిగింది: "మా డ్వాక్రా గ్రూపు పుస్తకం రాసేదెవరు? దింపు రోజున కాయలు లెక్కపెట్టేదెవరు? ఇంట్లో జాకెట్లు కుట్టేదెవరు?"

నిజమే. జీతం రాకపోయినా పని పనే. అమ్మాయి ఇలా రాసింది:

పేరు, తల్లిదండ్రుల పేర్లు
పుట్టిన తేదీ
చిరునామా, ఫోన్ నంబరు
చదువు: ఇంటర్ పాస్
వచ్చిన భాషలు: తెలుగు, కొంచెం ఇంగ్లీషు
వచ్చిన పనులు: కుట్టుపని, లెక్కలు రాయడం
అనుభవం: రెండేళ్లుగా పొదుపు గ్రూపు పుస్తకం రాస్తున్నాను
తేదీ, సంతకం

బట్టల కొట్టుకు కుట్టుపని తెలిసిన మనిషి పనికొస్తుంది. అందుకే అది ముందు రాసింది.

అబద్ధం వద్దు

తల్లీకూతుళ్లు నెట్ సెంటరుకు వెళ్లారు. టైపు చేసే అబ్బాయి మంచి చేద్దామనుకున్నాడు. వయసు 18 అని, బట్టల కొట్టులో ఏడాది అనుభవం ఉందని కొట్టేశాడు. తల్లి వేలు పెట్టి ఒక్కొక్క మాటా చదివింది. "బాబూ, ఇది తప్పు. మార్కుల మెమోలో తేదీ వేరేగా ఉంది. మా అమ్మాయి కొట్టులో చెయ్యలేదు. దిద్దు నాయనా" అంది. అతను దిద్దాడు.

ఆవిడ చేసిన పని మంచిది. మెమో చూడగానే అసలు వయసు తెలిసిపోతుంది. ఒక్క అబద్ధం దొరికితే మిగతా నిజాలనూ నమ్మరు. పైగా వయసుకు చట్టం ఉంది. 1986 నాటి బాల కార్మిక చట్టాన్ని 2016లో మార్చారు. దాని ప్రకారం 14 నుంచి 18 ఏళ్ల లోపు పిల్లలను ప్రమాదకరమైన పనుల్లో పెట్టుకోకూడదు. వయసు ఎక్కువ వేస్తే ఆ రక్షణ మన చేతులారా పోగొట్టుకున్నట్టే.

ఇవి గుర్తుంచుకోండి

అసలు సర్టిఫికెట్లు ఎవరికీ వదిలి రావద్దు. చూపించి తెచ్చుకోండి. జిరాక్సు మాత్రం ఇవ్వండి. ఆధార్ నంబరు, బ్యాంకు ఖాతా నంబరు బయోడేటాలో రాయవద్దు. పని ఇప్పిస్తామని ముందుగా డబ్బు అడిగితే అనుమానించండి. చదవకుండా సంతకం పెట్టవద్దు.

ఆ అమ్మాయి బట్టల కొట్టులో కాగితం ఇచ్చింది. పిలుపు ఇంకా రాలేదు. మరో రెండు కొట్లలో కూడా జిరాక్సులు ఇచ్చి వచ్చింది. ఒక్క చోటే ఇచ్చి ఎదురుచూడక్కర్లేదు కదా!

మీరు రాయండి: మీకు బాగా వచ్చిన ఐదు పనులు ఒక కాగితం మీద రాయండి. జీతం వచ్చినా, రాకపోయినా సరే. కింద మీ సంతకం పెట్టండి.