లిఫ్టు ఎదుట పందిరి

ఏమండీ, మీ గుమ్మానికి మామిడాకులు కట్టుకునేటప్పుడు ఎవరినైనా అడుగుతారా? అడగరు, అడగక్కరలేదు కూడా. మరి ఆ గుమ్మం దాటి నాలుగడుగులు వేస్తే వచ్చే మెట్లూ, నడవా, లిఫ్టు ముందు జాగా ఎవరివి? ఫ్లాట్లలో కాపురాలు వచ్చినప్పటినుంచీ ఈ పేచీ ప్రతి పండుగకూ వస్తూనే ఉంది. అలంకారాలు చేసేదీ మనమే, మాటలు పడేదీ మనమే.

మా మేడలో జరిగింది చెబుతాను. ఒక ఏడాది సెప్టెంబరులో వినాయక చవితికి కింద లిఫ్టు ఎదురుగా పందిరి వేశాం. జాగా చూపించింది నేనే, వచ్చేపోయే వాళ్లందరికీ దర్శనమవుతుందని. రెండో అంతస్తులో ఒక టీచరమ్మగారున్నారు, క్రైస్తవులు. వాళ్ల అత్తగారు చక్రాల కుర్చీలో తిరుగుతారు. పందిరి గుంజల మధ్య కుర్చీ పట్టక, ఆ అయిదు రోజుల్లో ఆవిడను ఆస్పత్రికి తీసుకువెళ్లాల్సి వస్తే వాచ్‌మనూ, మనవడూ చేతులమీద మోశారు. మేం ప్రసాదాలు పంచుతూ చూస్తూనే ఉన్నాం. టీచరమ్మగారు ఒక్క మాట అనలేదు.

డిసెంబరులో ఆవిడే వచ్చి, మెట్ల మొదట్లో ఒక కాగితపు నక్షత్రం కట్టుకోవచ్చా అని అడిగారు. "అది అందరి జాగా కదండీ, మీ బాల్కనీలో కట్టుకోండి" అన్నారు మా సంఘంలో ఒకరు. నాకు తల కొట్టేసినట్టయింది. అందరి జాగా అన్న సంగతి సెప్టెంబరులో మాకు గుర్తు రాలేదే!

ఉమ్మడి రాష్ట్రంలో 1987లో వచ్చిన అపార్ట్‌మెంట్ల చట్టం ప్రకారం మెట్లు, లిఫ్టు, నడవల్లో యజమానులందరికీ విడదీయరాని వాటా ఉంటుంది. ఈ మెట్టు నాది, ఆ గోడ నీది అని పంచుకోవడానికి లేదు. అంటే ఎక్కువమంది ఉన్నవాళ్ల పండుగకు ఎక్కువ జాగా అని ఎక్కడా లేదు. అద్దెకున్నవాళ్లకు వాటా లేకపోయినా రోజూ నడిచేది వాళ్లే కనుక వాళ్లనూ అడగాలి.

అడిగాక చూడవలసినది దారి. చక్రాల కుర్చీ గానీ స్ట్రెచరు గానీ తిన్నగా పోవాలి. మెట్లమీద ఏదీ పెట్టవద్దు, మంటలు వస్తే దిగేది వాటిమీదనే. నూనె దీపాల దగ్గర గుడ్డ తెరలూ, థర్మోకోలూ వద్దు. నున్నటి గచ్చుమీద రంగుల ముగ్గు తడిస్తే పెద్దవాళ్ల కాలు జారుతుంది, ఒక పక్కగా వేయండి. ఎప్పుడు విప్పుతామో ముందే చెప్పండి. వాడిపోయిన దండలు నెలరోజులు వేలాడితే ఏ దేవుడికీ గౌరవం కాదు. ఖర్చు మెయింటెనెన్సు డబ్బులోంచి తీయకండి, ఇష్టమున్నవాళ్లే చందా ఇస్తారు.

ఇక మైకు. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం రాత్రి పదినుంచి ఉదయం ఆరు దాకా బయట లౌడ్‌స్పీకరు పెట్టకూడదు. పండుగలకు, ఏడాదిలో 15 రోజులు మించకుండా, పన్నెండు దాకా సడలించే అధికారం ప్రభుత్వానికి ఉంది. మన సంఘానికి లేదు!

మరుసటి ఏడాది మా పందిరి ప్రహరీ పక్కకు, మోటారు గది దగ్గరకు మారింది. దర్శనానికి ఎవరూ తక్కువ కాలేదు. నక్షత్రం మెట్ల మొదట్లోనే వెలిగింది. మూడో అంతస్తు ముస్లిం కుటుంబం మాత్రం ఇన్నేళ్లలో ఏనాడూ ఏమీ అడగలేదు. వాళ్లకు అక్కరలేదో, మొహమాటమో. ఈసారి రంజాను నెల రాకముందే నేనే వెళ్లి అడిగి వస్తాను.