కంప్యూటర్లు ఒకదాన్నొకటి ఎలా కనుక్కుంటాయి?

ఏలూరు కంప్యూటరుకు తాడేపల్లిగూడెంలో ఇంకొకటి ఉందని ఎవరు చెబుతారు? అన్నిటి చిరునామాలూ ఒక్క యంత్రం దగ్గరే ఉంటే సులువే. కానీ అది ఆగిపోతే?

పెళ్లింట్లో పిల్లల్ని చూడండి. కైకలూరు నుంచి వచ్చిన పాపకి ఆకివీడు బాబాయి కొడుకొక్కడే తెలుసు. వాడికి ఇంకో ఇద్దరు తెలుసు. పేర్లు చెప్పుకుంటూ పోతే భోజనాల వేళకి అందరూ ఒకటే జట్టు!

1999లో హార్కోల్-బాల్టర్, లైటన్, లెవిన్ అనే ముగ్గురు కంప్యూటర్లకూ ఇలాంటి పద్ధతే చెప్పారు. ప్రతి విడతలోనూ ప్రతి కంప్యూటరూ తనకు తెలిసినవాటిలో ఏదో ఒకదానికి తన దగ్గరున్న చిరునామాలన్నీ పంపాలి, అంతే. ఎవరి పెత్తనమూ అక్కర్లేదు, ఎంత బాగుందో! పరిచయాలు రెట్టింపవుతూ పోతే, ఒకటితో మొదలై 10 రెట్టింపులకే 1,024. నిజంగా విడతలు ఇంకొన్ని పడతాయి. ఎవరికీ తెలియక, ఎవరినీ ఎరగని కంప్యూటరు మాత్రం ఒంటరిగానే మిగిలిపోతుంది.