సాయంకాలము ఆరు గంటలకు ఎవరి ఫోను మ్రోగాలి?



తాగుడు మాన్పించే కేంద్రం నుండి భర్త ఇంటికి వచ్చిన దినము భార్యకు పండుగే. కాని ఆమె భయము కూడ ఆ సాయంకాలమే మొదలవుతుంది. సరిగ్గా ఆరింటికి ఆయన ఫోను మ్రోగుతుంది. "వస్తున్నావా?" అని పాత స్నేహితుని పిలుపు.

అదే ఫోను రక్షణ కూడ కాగలదు. 1935 మే నెలలో అమెరికాలోని ఏక్రన్ పట్టణంలో, ఒక హోటలులో బిల్ విల్సన్ ఒంటరిగా నిలబడ్డాడు. తాగుడు మాని ఐదు నెలలే. వచ్చిన వ్యాపారం చెడిపోయింది. ఒక ప్రక్క బారు, మరొక ప్రక్క టెలిఫోను. ఆయన టెలిఫోను దగ్గరకే వెళ్ళి, అక్కడి చర్చిల పట్టిక చూచి ఒక పాదిరిగారికి ఫోను చేశాడు. ఆ పిలుపు వలననే తనవలె బాధపడుచున్న డాక్టరు బాబ్ స్మిత్‌ను కలిశాడు. వారి కలయిక నుండి 'ఆల్కహాలిక్స్ అనానిమస్' పుట్టింది.

నేటి ఫోను ఇంకా ఎక్కువ చేయగలదు. చికిత్స ముగించుకొని ఇంటికి వెళ్ళే 349 మందిపై అమెరికాలో జరిగిన పరిశోధన 2014లో వెలువడింది. వారిలో కొందరికి 'ఎ-చెస్' అనే ఆప్ ఉన్న ఫోను ఇచ్చారు. ప్రమాదకరమైన చోటికి దగ్గరైతే అది హెచ్చరించేది. మనసు తట్టుకోలేనప్పుడు ఒక బటను నొక్కితే సహాయము అందేది. ముప్పది దినములలో అతిగా త్రాగిన దినములు, ఫోను లేనివారికి సగటున 2.75, ఉన్నవారికి 1.39. సగము తగ్గాయి, పూర్తిగా పోలేదు. యంత్రము మనిషికి తోడే గాని మనిషికి బదులు కాదు.

గనుక ఈ సేవలోనున్న సోషల్ వర్కర్లు ఇవి గమనించాలి. ఆరింటికి పాత స్నేహితుడు పిలుస్తాడు గనుక మీరు ఐదున్నరకే పిలవండి. చదువురాని వారికి మాటలు రికార్డు చేసి పంపండి. అనుమతి లేకుండ ఎవరినీ వాట్సాప్ గ్రూపులో చేర్చకండి. అతని పేరు బయటపడితే అతడు మరల మీ దగ్గరకు రాడు. పాత స్నేహితుల నంబర్లు తీసివేయుటకు ప్రక్కన కూర్చుని సహాయపడండి. అలవాటుగా ఎక్కువ త్రాగేవాడు హఠాత్తుగా మానినప్పుడు వణుకు, ఫిట్స్ వస్తే ఫోనులో సలహాలు చెప్పుచు ఉండక వెంటనే ఆసుపత్రికి పంపండి.

మన దేశములో వ్యసన విముక్తికి 14446, మానసిక వేదనకు 14416 నంబర్లున్నాయి. వాటిని ఇంటి గోడమీద వ్రాసి పెట్టండి.

ఆనాడు ఆ పాదిరిగారు ఫోను ఎత్తకపోతే ఏమయ్యేదో! ఈ సాయంకాలము మీ ఫోను మ్రోగితే, దయచేసి ఎత్తండి.