256లో ఆ 18 ఎక్కడికి పోయాయి?

నెల్లూరు ట్రంకు రోడ్డులో కొన్న కొత్త ల్యాప్‌టాప్ ఆత్మకూరు చేరి గంటయినా కాలేదు. అట్టపెట్టె ఇంకా మంచం మీదే ఉంది. మా మేనకోడలు స్క్రీన్ నా వైపు తిప్పింది. "256 జీబీ అని డబ్బులు కట్టాం గదా మామా, ఇందులో 238 అనే చూపిస్తా ఉంది. మిగతా 18 ఈ పాటల యాప్‌లు, సినిమాల యాప్‌లే తినేశాయా? తీసేస్తే వెనక్కి వస్తాయా?"

ఇంజినీరింగ్ మొదటి సంవత్సరం పిల్ల. హాస్టల్‌కు పోయేలోగా అక్కర్లేనివన్నీ తీసేసి, చదువుకు పనికొచ్చేట్టు చేసివ్వమని అడిగింది. మంచి కోరికే. అయితే ఆ 18 మాత్రం వెనక్కి రావు, ఎందుకంటే వాటిని ఎవరూ తినలేదు. మన నెల్లూరు జిల్లాలో పుట్టి వడ్లంటే 850 కిలోలు. జిల్లా దాటితే పుట్టి కొలత మారిపోతుంది, వడ్లు మాత్రం అవే. ఇక్కడా అంతే. డిస్కు తయారుచేసే కంపెనీకి జీబీ అంటే 100 కోట్ల బైట్లు. విండోస్‌కు అదే జీబీ 107.37 కోట్ల బైట్లు. కంపెనీ లెక్కన 256 జీబీ అంటే 25,600 కోట్ల బైట్లు. దాన్ని 107.37తో భాగిస్తే 238 చిల్లర వస్తుంది. 512 కొన్నవాళ్లకు 476 కనిపించేదీ ఇందుకే.

నిజంగా చోటు పట్టేది విండోస్. తన ఫైళ్లు కాక, రాబోయే అప్‌డేట్ల కోసం మరో 7 జీబీ దాకా ముందే పక్కన పెట్టుకుంటుంది. స్టార్ట్ మెనూలో కనిపించే పాటల, సినిమాల బొమ్మల్లో చాలావాటి వెనక అసలు యాప్ ఉండదు. నొక్కినప్పుడే నెట్‌లోంచి దిగుతుంది. కాబట్టి వాటిని తీసేస్తే డిస్కులో మిగిలేది కొంచెమే. డేటా, దృష్టి మిగలడం మాత్రం పెద్ద విషయం.

"అసలు పాటలు, వీడియోలు ఏమీ లేని విండోసే ఉందంట గదా?" అంది. ఉంది. దాని పేరు చివర ఎన్ అనే ఒక్క అక్షరం ఉంటుంది. అది ఒక పోటీ చట్టం కేసులోంచి పుట్టింది. విండోస్‌తో పాటు మీడియా ప్లేయర్‌ను కూడా కట్టి అమ్మడం పోటీని చంపుతోందని 2004 మార్చి 24న యూరోపియన్ కమిషన్ మైక్రోసాఫ్ట్‌కు 49.7 కోట్ల యూరోల జరిమానా వేసింది. ప్లేయర్ లేని విండోస్‌నూ అమ్మాలని ఆదేశించింది. అలా 2005లో విండోస్ ఎక్స్‌పీ ఎన్ వచ్చింది. ఆ ఏడాది డిసెంబరులో దక్షిణ కొరియా కూడా అదే బాట పట్టి సుమారు 3,300 కోట్ల వాన్‌ల జరిమానా వేసింది.

తర్వాత ఏమైందో మైక్రోసాఫ్ట్ 2006లో చెప్పిన లెక్కలో ఉంది. మామూలు ఎక్స్‌పీ 3.55 కోట్ల కాపీలు పోతే, ఎన్ కాపీలు 1,787 పోయాయి. అంటే దాదాపు 20,000కు ఒకటి. నేను మొదటిసారి ఈ అంకె చదివినప్పుడు ఒక సున్నా ఎగిరిపోయిందేమో అనుకున్నాను. కారణం చాలా సాదా. రెండింటి ధర ఒకటే. తక్కువ వస్తువును అదే రేటుకు ఎవరు కొంటారు? కంప్యూటర్ కంపెనీలూ దాన్ని వేసి అమ్మడానికి ముందుకు రాలేదు.

ఎన్ పని తీరు కూడా ఆ పిల్లకు చెప్పాల్సి వచ్చింది. అందులో ప్లేయర్ బొమ్మ ఒక్కటే కాదు, పాటల్ని, వీడియోల్ని విప్పి చూపించే కోడెక్‌లు కూడా ఉండవు. వాటి మీద ఆధారపడ్డవి చాలా ఉన్నాయి: కెమెరా, వాయిస్ రికార్డర్, ముఖం చూసి తలుపు తీసే విండోస్ హలో. ఆన్‌లైన్ క్లాసులకు, ఇంటర్వ్యూలకు కెమెరా కావాల్సిన పిల్లకు ఇది పనికొచ్చే పొదుపు కాదు. ఆ లోటు తీర్చడానికి మీడియా ఫీచర్ ప్యాక్ అని మైక్రోసాఫ్టే ఉచితంగా ఇస్తుంది. ఆప్షనల్ ఫీచర్స్‌లోకి వెళ్లి దించుకోవాలి. తీసేసినదాన్ని మళ్లీ డేటా పోసి తెచ్చుకోవడమన్నమాట.

పైగా మన దగ్గర అమ్మే ల్యాప్‌టాప్‌లలో ఎక్కువగా ఉండేది విండోస్ 11 హోమ్ సింగిల్ లాంగ్వేజ్. దానికి ఎన్ రకమే లేదు. ల్యాప్‌టాప్‌తో వచ్చిన లైసెన్సు ఎన్ రకానికి చెల్లదు, దానికి వేరే కీ కొనాలి. అందుకే పెన్‌డ్రైవ్‌తో కొత్తగా విండోస్ వేసేటప్పుడు ఎడిషన్ల జాబితా అడిగితే, పేరు చివర ఎన్ ఉందో లేదో వేలు పెట్టి చూసుకోండి. ఆ అక్షరం చూడకుండా నొక్కితే తర్వాత కెమెరా ఎందుకు రావడం లేదో తెలియక వారాలు పోతాయి.

మరి ఏం చేయాలి? ముందు హాట్‌స్పాట్ సంగతి. మన ఊళ్లలో చాలామంది పిల్లలకు నెట్ అంటే ఫోన్‌లో రోజుకు 1.5 జీబీ. విండోస్ 11 ఇన్‌స్టాల్ ఫైలే 5 జీబీ దాటుతుంది. రోజు డేటా అంతా దానికే పోసినా కనీసం నాలుగు రోజులు. హెచ్‌డీ వీడియోకు గంటకు 3 జీబీ దాకా అవుతుందని నెట్‌ఫ్లిక్సే చెబుతుంది. అంటే అర గంటకు రోజు కోటా అయిపోతుంది. కాబట్టి ల్యాప్‌టాప్‌ను హాట్‌స్పాట్‌కు కలపగానే, ఇంకే పనీ మొదలుపెట్టకముందే, వైఫై సెట్టింగ్స్‌లో ఆ కనెక్షన్ దగ్గరికి వెళ్లి మీటర్డ్ కనెక్షన్ ఆన్ చేయాలి. అప్పుడు అప్‌డేట్లలో చాలావరకు వాటంతట అవి దిగవు. ఫైబర్ నెట్ ఉన్నచోట కూర్చున్న రోజు వాటిని తప్పకుండా వేసుకోవాలి, భద్రత వాటితోనే వస్తుంది. పక్క కంప్యూటర్లకు అప్‌డేట్లు పంచే డెలివరీ ఆప్టిమైజేషన్‌ను ఆపేయాలి. ఫైళ్లను నెట్‌లో దాచే వన్‌డ్రైవ్ ఉచితంగా ఇచ్చేది 5 జీబీ. డెస్క్‌టాప్, డాక్యుమెంట్లు, ఫొటోలు అక్కడికి ఎక్కించమంటావా అని మొదట్లోనే అడిగితే, హాట్‌స్పాట్ మీద ఉన్నవాళ్లు వద్దనడమే మేలు. ఎక్కించడానికీ డేటా కాలుతుంది.

ఆ తర్వాతే యాప్‌లు. ఇన్‌స్టాల్డ్ యాప్స్ జాబితా తెరిచి ఒక్కొక్కటీ తీసేయొచ్చు. స్టార్టప్ జాబితాలో అనవసరమైనవి ఆఫ్ చేయాలి. టాస్క్‌బార్‌లో వార్తలు చూపే విడ్జెట్లు కూడా ఆఫ్. నేను గడియారం పెట్టుకుని కూర్చోలేదు గానీ, టీ చల్లారేలోపు అయిపోయే పని.

అంతా తుడిచేసి కొత్తగా వేసుకోవాలనుకునేవాళ్లకు కనీసం 8 జీబీ పెన్‌డ్రైవ్ కావాలి. ముందు ల్యాప్‌టాప్‌తో వచ్చిన ఆఫీస్‌ను తమ అకౌంట్‌తో యాక్టివేట్ చేసుకోవాలి. వైఫై డ్రైవర్ మరో పెన్‌డ్రైవ్‌లో పెట్టుకోవాలి. ఈ రెండూ మరిచిపోతే దిక్కుతోచదు. విండోస్ కీ మదర్‌బోర్డులోనే ఉంటుంది, అదే ఎడిషన్ వేస్తే తనే గుర్తుపడుతుంది. ఇన్‌స్టాల్ మొదట్లో సమయం, కరెన్సీ దగ్గర ఇంగ్లిష్ (వరల్డ్) ఎంచుకుంటే బయటి కంపెనీల యాప్‌లు చాలావరకు రావని వాడినవాళ్లకు తెలిసిన కిటుకు ఒకటుంది. మధ్యలో ప్రాంతం గురించి ఒక ఎర్రర్ వస్తుంది, దాటేయొచ్చు. పని అయ్యాక రీజియన్‌ను ఇండియాగా మార్చకపోతే స్టోర్ సరిగా పనిచేయదు. యూరప్‌లోనైతే ఇలాంటి కిటుకుల అవసరం తగ్గింది. 2024 మార్చి నుంచి అక్కడి చట్టం వల్ల ఎడ్జ్ బ్రౌజర్‌ను కూడా తీసేసుకోవచ్చు. మన దేశంలో 2022 అక్టోబరులో పోటీ కమిషన్ ఆండ్రాయిడ్ విషయంలో గూగుల్‌కు 1,337.76 కోట్ల రూపాయల జరిమానా వేసింది. ఫోన్లలో ముందే ఎక్కించిన యాప్‌ల గొడవా అందులో ఉంది. ల్యాప్‌టాప్‌ల దాకా ఆ చర్చ రావాలని నా గట్టి కోరిక.

పరికరాన్ని చదువుకు పనికొచ్చేట్టు చేసిచ్చే పని మన రాష్ట్రమే ఒకసారి పెద్ద ఎత్తున చేసింది. 2022 డిసెంబరు 21న ప్రభుత్వ బడుల ఎనిమిదో తరగతి పిల్లలు 4,59,564 మందికి, ఉపాధ్యాయులు 59,176 మందికి ట్యాబ్‌లు ఇచ్చారు. మొత్తం 5,18,740. పాఠాలు ముందే ఎక్కించి, అక్కర్లేనివి తెరుచుకోకుండా సాఫ్ట్‌వేర్ తాళం వేశారు. పదమూడేళ్ల పిల్లలకు ఆ తాళం అర్థం చేసుకోగలను. ఇంజినీరింగ్ చదివే పిల్లకు తాళం కాదు, జాబితా చూపించి ఏది ఉంచుకుంటావో అడగాలి.

విండోస్‌కు బదులు వేసుకోగల ఉచిత సిస్టమ్ ఉబుంటులో ఆ అడగడం ఉంది. ఎంపీ3 లాంటి మీడియా ఫార్మాట్లు కావాలా వద్దా అని ఇన్‌స్టాల్ చేసేటప్పుడే ఒక గడి టిక్ పెట్టమంటుంది. 2018 ఏప్రిల్‌లో వచ్చిన 18.04 నుంచి తక్కువ యాప్‌లతో వేసుకునే దారి కూడా ఉంది. హైదరాబాద్ స్వేచ్ఛ సంస్థ తెలుగులోనే అలాంటి సిస్టమ్ తయారుచేసింది. కాలేజీ ల్యాబ్‌లో ఏం వాడతారో చూసుకుని రెండో ఏడాదిలో వేసుకుందాం అన్నాను.

మా పిల్ల జాబితా అంతా తనే చదివింది. పాటల యాప్ తీసేసింది. ఆటలు తీసేసింది. కెమెరా, రికార్డర్ ఉంచుకుంది. చివర్లో వీడియోలు ఆడించే వీఎల్‌సీ దించుకుంది. 40 ఎంబీ చిల్లర. "లెక్చర్ వీడియోలు పెన్‌డ్రైవ్‌లో ఇస్తారంట మామా" అని, డిస్కులో ఎంత మిగిలిందో మళ్లీ ఒకసారి చూసుకుంది.